కడియాల బరువు పోను

నా తూకాల రిజిస్టరు వెనక అట్ట లోపలి వైపు ఎర్ర సిరాతో ఒక అంకె రాసి ఉండేది. కిలో పావు. డుంబ్రిగుడ సంతలో చింతపండు అమ్మే ఆమె దగ్గర తక్కెడ అడిగి తీసుకుని, ఒక ముసలమ్మ తన అత్త గుర్తుగా దాచుకున్న మెడ కంటె, కాలి కడియాలు అందులో వేసి నేనే స్వయంగా తూచిన బరువు అది.

కొత్తగా ఉద్యోగంలో చేరి ఏజెన్సీకి వస్తున్న నర్సు పిల్లలకు ఈ అంకె సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను చేసిన కాన్పుల గురించి, మలేరియా రోజుల్లో ఎక్కిన కొండల గురించి అడిగితే గంటలకొద్దీ చెప్పగలను. ఇది మాత్రం అడిగినా చెప్పేదాన్ని కాదు. రిటైరై రెండేళ్ళయింది, ఇక నాకు మెమో ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆ ధైర్యంతో చెబుతున్నాను.

నాది కింద మైదానం. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని, రెండేళ్ళు చేసి దిగిపోదామని కొండెక్కి, మోకాళ్ళు అరిగేదాకా అక్కడే ఉండిపోయాను. చివరి రోజుల్లో నన్ను సూపర్‌వైజరును చేశారు. సరిగ్గా అప్పుడే చేతికి ట్యాబ్ ఇచ్చి, ఆడవాళ్ళందరినీ నెలనెలా తూచమన్నారు. బరువు, ఎత్తు కొడితే చాలు, లెక్క అదే చేసుకునేది. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. అది పద్దెనిమిదిన్నరకు తక్కువైతే తెర మీద ఎరుపు, ఎక్కువైతే ఆకుపచ్చ, మరీ ఎక్కువైతే నారింజ రంగు. మా ఊళ్ళ పేర్లన్నీ ఎర్రగా ఉండేవి. అప్పుడు మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టరు మంచి కుర్రాడు, రాత్రింబవళ్ళు కష్టపడే రకం. ఆ ఎరుపు చూసి తట్టుకోలేకపోయేవాడు.

"సిస్టర్, మనకున్న మనుషులు తక్కువ. ఎరుపు వాళ్ళను మాత్రం పూర్తిగా పరీక్ష చెయ్యండి. ఆకుపచ్చ వాళ్ళకు తూకం చాలు, పంపించెయ్యండి," అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. అసలు నిజం చెప్పాలంటే హాయిగా తోచింది. ఇంతకాలం మనిషిని చూసి, నాలుక చూసి, కనురెప్ప కిందకి లాగి చూసి, ఇంట్లో ఏం వండారో ఆరా తీసి, అప్పుడు కూడా అనుమానంతోనే ఇంటికి వెళ్ళేదాన్ని. నాకు భయం జాస్తి. ఎవరికైనా జ్వరం తగ్గిందని పంపించి, పడుకున్నాక నిజంగా తగ్గిందా అని దొర్లే మనిషిని. రంగు చూపించి మాట్లాడే యంత్రం దొరికేసరికి నా భయాన్ని దానికి అప్పగించి కూర్చున్నాను.

తూకం సంత రోజున పెట్టేదాన్ని, ఎందుకంటే ఆ రోజు అన్ని ఊళ్ళవాళ్ళూ వాళ్ళంతట వాళ్ళే దిగుతారు. అల్లం బస్తాల పక్కన మిషను వేసి కూర్చుంటే, "మమ్మల్నీ అల్లంలాగ తూసేత్తన్నారేటి, కొంటారా?" అని ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవాళ్ళు. చెప్పులు విప్పమంటే విప్పేవాళ్ళు. కంటె, కడియాలు మాత్రం తీసేవాళ్ళు కాదు. తీయాలన్నా తీయలేరు. ఇత్తడి కడియాన్ని కంసాలి కాలికి పెట్టి ఒత్తి బిగించేస్తాడు, మళ్ళీ తీయాలంటే ఆ కంసాలే రావాలి. వయసు పిల్లలు ఇప్పుడు వేసుకోవడం లేదు గానీ, కాస్త పైబడ్డ వాళ్ళకు అవి ఒంట్లో భాగమే. అలాంటి వాళ్ళ బరువు ఎక్కువ పడి, ఎరుపు మనిషి ఆకుపచ్చగా కనిపిస్తోందని నేను కనిపెట్టాను. అందుకే ఆ కిలో పావు. కంటె పావు కిలో, కడియాలు రెండూ కలిపి కిలో. మెడలో కంటె కనిపిస్తే చాలు, వచ్చిన బరువులోంచి కిలో పావు తీసేసి రాసేదాన్ని. డాక్టరు దాన్ని మెచ్చుకుని మిగతా నర్సులకు కూడా నేర్పమన్నాడు. ఇంత తెలివి జిల్లాలో ఇంకెవరికీ తట్టలేదని నేను లోలోపల పొంగిపోయాను.

ఆ యంత్రం తెలివితక్కువదని తెలియక కాదు. కాఫీ బస్తాలు మోసే ఒక మనిషి ఉండేవాడు, ఒళ్ళంతా కండే. సరదాగా మిషనెక్కితే అతనికి నారింజ రంగు వచ్చింది, తిండి తగ్గించమంది. మా పక్కింటి బడి మేష్టారు సన్నగా, ముందుకు కొద్దిగా పొట్టతో, శుభ్రంగా ఆకుపచ్చలో ఉండేవాడు. ఆయనకు షుగరు ఎంత ఉందో చెబితే మీరు నమ్మరు. నడుం వంగిపోయిన ముసలమ్మకు ఎత్తు తగ్గి, తిండి లేకుండానే అంకె పెరిగింది. పాపం, దానికి బరువు తెలుసు గానీ ఆ బరువు దేనిదో తెలియదు. కండో, కొవ్వో, ఎముకో, నీరో దానికి ఒకటే. ఇవన్నీ మేం టీ తాగుతూ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకున్నామే గానీ ఒక్కరం కూడా ఆగి ఆలోచించలేదు.

ఇక ఆమె సంగతి. నలభైకి దగ్గర పడుతున్న మనిషి. కాఫీ తోటలో పని, కొండవాలులో చోళ్ళు, అంటే రాగులు, పండే కాస్త చేను, ముగ్గురు పిల్లలు, మాట తక్కువ. మొదటిసారి మిషనెక్కినప్పుడు, నగలు పోను, ముప్పై ఎనిమిది కిలోలు. ఎరుపు. ఆమెకు గుడ్లు, చిక్కీ ఇప్పించాను, నట్టల మాత్ర వేశాను, ఇనుము మాత్రలు దగ్గరుండి మింగించాను. నెల తిరిగేసరికి ముప్పై తొమ్మిది. ఇంకో నెలకు నలభై. మూడో నెల నలభై ఒకటి పడి, తెర మీద ఆమె పేరు ఆకుపచ్చగా మారింది. నా లిస్టులో ఎరుపు దాటిన మొదటి మనిషి ఆమే. సంతలో అందరి ముందూ ఆమె వీపు తట్టాను. నాలుగో నెల నలభై రెండు.

మా ఆశా కార్యకర్తది ఆమె ఊరే. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, చుట్ట వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే నాతో కొండలన్నీ తిరిగింది. ఆ నాలుగో నెల తూకం అయ్యాక ఆమె అన్న మాట నాకు ఈరోజుకీ వినిపిస్తుంది.

"పొద్దున్నేళ దాని మొకం ఉబ్బినట్టుంటంది మేడమ్. కళ్ళ కింద."

"ఒళ్ళు పట్టిందే పిచ్చిదానా! బుగ్గలొచ్చాయి. నువ్వు దిష్టి పెట్టకు," అన్నాను. ఆమె చుట్ట తీసి బూడిద దులుపుకుంది.

ఆగస్టులో మండల సమావేశం పెట్టారు. ఎరుపు నుంచి ఆకుపచ్చకు వచ్చిన ఒక మనిషిని తీసుకురమ్మంటే, ఇంకెవరిని తీసుకెళ్తాను? మార్చిలో తీసిన ఫోటో, అప్పటి ఫోటో పక్కపక్కన పెద్దగా వేశారు. ఒకదాంట్లో లోతుకుపోయిన బుగ్గలు, రెండోదాంట్లో గుండ్రటి ముఖం. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. నేను మైకులో పది నిమిషాలు మాట్లాడాను, కిలో పావు సంగతితో సహా. ఆమె కుర్చీలోంచి లేచి దండం పెట్టడానికి బల్ల పట్టుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

బయట టీ బడ్డీ దగ్గర మా ఆశా నా పక్కకు వచ్చి నిలబడింది.

"ఒక మాట సెప్తే కోప్పడరు గదా?"

"చెప్పు."

"దాని కాళ్ళు సూసినారా?"

"ఏం, కాళ్ళకేమైంది?"

"కడియాలు నేవు. రెండు నెల్లయినాది, కంసాలిని ఇంటికి పిలిసి రంపంతో కోయించేసినారు. సర్మంలోకి దిగిపోనాయి మేడమ్. రగతం కారింది."

చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో నాకు ముందు గుర్తొచ్చింది ఆమె కాదు, నా తీసివేత. మెడలో కంటె చూశాను, కిలో పావు తీసేశాను. రెండు నెలలుగా కాళ్ళకు లేని కడియాల్ని కూడా ఆమె ఒంట్లోంచి తీసేస్తూనే ఉన్నాను. అంటే మూడో నెల ఆమె పెరిగింది ఒక కిలో కాదు, రెండు. నెలకు ఒక్కో కిలో చొప్పున నేను వరసగా, ముచ్చటగా రాసుకున్న ఆ మెట్లలో ఒక మెట్టు అబద్ధం. ఆకలితో ఎండిన మనిషి నాలుగు గుడ్లు తిని నెలకు రెండు కిలోలు ఎలా పెరుగుతుంది? కడియాలు చర్మంలోకి దిగేలా కాళ్ళు మాత్రమే ఎలా లావెక్కుతాయి? ఇరవై ఏళ్ళ వయసులో నేను చదువుకున్న మొదటి పాఠాల్లోదే జవాబు. నీరు.

వెతికితే ఆమె అప్పటికే జీపెక్కి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నేను ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో మాటలు మరిచిపోయి, మళ్ళీ మొదలుపెట్టాను. తెల్లారగానే వానలో బయలుదేరాం, నేను, మా ఆశా. సంచిలో మూత్రం పరీక్ష చేసే స్ట్రిప్పుల డబ్బా ఉంది. అది ఎప్పుడూ ఉండేది. గర్భిణులకు తప్ప ఇంకెవరికీ తీయలేదు నేను, ఆకుపచ్చ మనిషికి ఎందుకు తీస్తాను? రెండు వాగులు దాటాలి. రెండోది మోకాళ్ళ దాకా ఉంది. మా ఆశా చెయ్యి పట్టుకుని దాటుతూ, ఆ మనిషి ఉందో లేదో అని కూడా అనుకున్నాను. నా ఆలోచనలు అలాగే పరిగెడతాయి.

ఉంది. అరుగు మీద చోళ్ళు చెరుగుతోంది. నన్ను చూసి లేవబోయి, రెండు అడుగులకే ఆయాసపడి స్తంభం పట్టుకుంది. కూర్చోబెట్టి చీర కుచ్చెళ్ళు పైకి జరిపాను. కడియాలుండే చోట చుట్టూ గాయం మానిన చార. బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కి తీశాను. గుంట పడింది. నేను చూస్తూ ఉన్నాను, అది పూడలేదు.

గ్లాసు ఇచ్చి పంపించాను. తెచ్చిన మూత్రం మీద నురగ నురగగా ఉంది. స్ట్రిప్పు ముంచాను. మీకు తెలుసు, ప్రొటీను లేకపోతే ఆ గడి పసుపుగానే ఉంటుంది, ఉన్నకొద్దీ ఆకుపచ్చగా మారుతుంది. నిమిషం కూడా పట్టలేదు. ముదురాకు రంగుకు వచ్చేసింది.

ఆమె వంగి చూసింది. ముఖం విప్పారింది.

"ఆకుపచ్చే వచ్చినాది. మంచిదే గదా సిస్టరమ్మా?"

ఆరు నెలలుగా ఆకుపచ్చ అంటే మంచిది, ఎరుపు అంటే చెడ్డది అని ఆ ఊరి ఆడవాళ్ళ చేత పాఠం అప్పజెప్పించుకున్నది నేనే. "ఇది ఆ ఆకుపచ్చ కాదమ్మీ," అని మాత్రం అనగలిగాను.

ఆమె మొగుడు చేను నుంచి వచ్చాడు. వానకు తడిసి, మోకాళ్ళ దాకా బురదతో, నా మాట పూర్తిగా విన్నాడు. కిడ్నీల్లోంచి కారిపోతోంది, నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చినట్టుంది, ఇప్పుడే విశాఖపట్నం తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే బతకదు అని చెప్పాను. అతను గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అందుకే ఆ మాటలు ఇంకా గుచ్చుకున్నాయి.

"దిసారి మూణ్ణెల్ల కిందే సెప్పినాడు సిస్టరమ్మా," అన్నాడు. దిసారి అంటే వాళ్ళ ఊరి పూజారి, రోగాలకూ రొష్టులకూ ముందు ఆయన దగ్గరికే వెళ్తారు. "ఒంట్లో నీరు దిగతంది, ఇది నా సేతిలో పని కాదు, నర్సమ్మ కాడికి ఎల్లమన్నాడు. సంతకి అట్టుకొచ్చినాను. నువ్వు తూసినావు. బాగున్నాది, పచ్చగున్నాది అన్నావు. మొకం ఉబ్బినాదని ఈ ఆశమ్మ అంటే దాన్ని కసిరినావట. నిన్న అందరి ముందర శాలువా కప్పినావు. ఇయ్యాల సచ్చిపోద్దంటన్నావు. నీ మాట ఏది నమ్మాల?"

అరుగు చుట్టూ ఇరవై మంది దాకా చేరారు. నేను సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కున్నాను. రోగం అప్పుడు బయటపడలేదని చెప్పొచ్చు. నిన్నటికి ఇవాళ్టికి ముదిరిందని చెప్పొచ్చు. అలా చెబితే నా పరువు ఉంటుంది, ఆమె ఇంట్లోనే ఉంటుంది. వాళ్ళు నాలుగు రోజులు చూద్దామంటారు, చెయ్యి దాటిపోయాక నన్ను పిలుస్తారు.

"నిన్న సెప్పింది తప్పు బాబూ," అన్నాను. ఎన్నేళ్ళయినా, భయమేస్తే నా నోట్లోకి మా ఊరి మాటే వస్తుంది. "మొన్న సెప్పిందీ తప్పే. నేను మిషను సూసినాను, దాని కాళ్ళు సూడనేదు. దిసారి సెప్పింది నిజం. ఆశమ్మ సెప్పింది నిజం. నాకే తెలవనేదు. నన్ను తరవాత ఎన్నైనా తిట్టండి. దీన్ని మాత్రం ఇప్పుడే తీస్కెల్లనీయండి."

అంతసేపూ గుమ్మంలో నిలబడ్డ అత్తగారు లోపలికి వెళ్ళి, గుడ్డలో మూట కట్టిన ఆ కోసిన కడియాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్ద డాకటేరుకి సూపించు. బేగి ఎల్లండి," అంది.

తలుపు చెక్క మీద కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ రోడ్డు దాకా దించారు. పడుకోబెడితే ఊపిరాడటం లేదు ఆమెకు. డాక్టరుకు ఫోన్ చేస్తే గాలికొండ దగ్గర రాళ్ళు పడి ఘాట్ రోడ్డు మూసేశారని, అంబులెన్సు దిగడానికి ఎంతసేపు పడుతుందో తెలియదని చెప్పాడు. "కిరండూల్ పాసింజరు అరకు రావడానికి ఇంకా టైముంది. అందులో తీసుకెళ్ళండి. కింద నేను మాట్లాడి ఉంచుతాను," అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఆకుపచ్చలో ఉన్న ఆమే కదా సిస్టర్?" అన్నాడు. అవునన్నాను.

పిల్లల్ని మా ఆశాకు అప్పగించి, మేం ముగ్గురం రైలెక్కాం. ఆ లైను అందం గురించి మీరు చాలా వినే ఉంటారు. సొరంగాలు, లోయలు, జలపాతాలు. మా పెట్టెలో సెలవులకు వచ్చి దిగిపోతున్న కాలేజీ పిల్లలున్నారు. ప్రతి సొరంగంలోనూ అందరూ కలిసి అరిచేవాళ్ళు, అదొక సరదా. చీకటి పడగానే నాకు ఆమె ముఖం కనిపించదు, గడియారం కనిపించదు, ఆ అరుపుల్లో ఊపిరి వినిపించదు. వీపు మీద చెయ్యి వేసి, అరచేతికి తెలిసే కదలికను లెక్కపెట్టేదాన్ని. సొరంగం దాటి వెలుతురు పడితే ముందు పెదాల రంగు చూసేదాన్ని. కిటికీ పక్కన కూర్చున్న మొగుడు నన్నే చూస్తున్నాడు. నా ముఖంలో ఏముందో చూసి పెళ్ళాం సంగతి తెలుసుకుంటున్నాడని అర్థమై, ముఖం మామూలుగా ఉంచడానికి నానా తంటాలు పడ్డాను.

టైడా స్టేషన్లో బండి ఆగింది. ఎదురుగా ఇనుప ఖనిజం తీసుకెళ్ళే గూడ్సు రావాలట. అయిదు నిమిషాలు అన్నారు, గంటయింది. పిల్లలు దిగి ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె నా భుజానికి ఆనుకుని, మాటకు మాటకు మధ్య ఆగుతూ, "నేను బరువు పెరిగితే... నీకు మంచి పేరొత్తాదని... ఆయాసం సెప్పనేదు," అంది.

నేను విన్నది అదేనా అని వంగి చూశాను. కళ్ళు మూసుకుంది. బండి కదిలేదాకా నేను స్టేషన్ మాస్టరు గది వైపు మూడుసార్లు పరిగెత్తాను. ఆయనేం చేస్తాడు పాపం, నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టాడు. అప్పుడు ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఏడ్చాను.

బాగా చీకటి పడ్డాక విశాఖ చేరాం. డాక్టరు మాట మీద నిలబడ్డాడు, పెద్దాసుపత్రిలో మా కోసం చూస్తున్నారు. డ్యూటీ డాక్టరమ్మ వాపు ఎప్పటినుంచి అని అడిగింది. నెలనెలా తూచి రాసిన రిజిస్టరు నా సంచిలోనే ఉంది, అందులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. కడియాల మూట విప్పాను. కంసాలి ఏ సంత నాడు వచ్చాడో మొగుడికి గుర్తుంది. డాక్టరమ్మ ఒక కడియం తీసుకుని ఆ కాలి దగ్గర పెట్టి చూసింది. కడియం కాలికి సగం దాకానే వచ్చింది. కేసు షీటులో రెండు నెలలు అని రాసింది.

తొమ్మిది రోజులు వరండాలో ఉన్నాను. మొదటి రెండు రోజులూ ఏమీ చెప్పలేమన్నారు. మూడో రోజు నుంచి నీరు దిగడం మొదలైంది. వార్డులో రోజూ పొద్దున ఆమెను తూచేవాళ్ళు. నలభై మూడు, నలభై రెండు, నలభై ఒకటిన్నర. తగ్గినకొద్దీ అక్కడి నర్సు నవ్వుతూ రాసుకునేది. నేను ఆ నర్సు వెనక నిలబడి చూసేదాన్ని. అదే మనిషి, అదే అంకెలు, అవి పైకి ఎక్కుతుంటే నేనూ అలాగే నవ్వుతూ రాసుకున్నాను.

ఇంటికి పంపే ముందు వార్డులో ఉండే ఇంకో డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "బతికింది. మందులు ఏళ్ళ తరబడి వాడాలి. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి, అది వెనక్కి రాదు. రెండు నెలల ముందు తెచ్చి ఉంటే ఈ దెబ్బ ఉండేది కాదు," అంది. నేనెవరో ఆమెకు తెలియదు, దగ్గర బంధువుననుకుంది. ఎవరు ఆలస్యం చేశారని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

జరిగినదంతా కాగితం మీద రాసి మా డాక్టరుకు ఇచ్చాను, తీసివేతతో సహా. రెండుసార్లు చదివాడు. "ఆకుపచ్చ వాళ్ళను పంపించెయ్యమన్నది నేను కదా సిస్టర్, అది ఇందులో లేదేం?" అని, కింద తన చేత్తో ఆ వాక్యం రాసి సంతకం పెట్టాడు. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. తర్వాతి సంతకు తనే వచ్చి, తూకానికి వచ్చిన ప్రతి ఆడమనిషి ముందూ వంగి కాళ్ళు నొక్కి చూడటం మొదలుపెట్టాడు. డాక్టరు కాళ్ళు పట్టుకుంటున్నాడని ఆడవాళ్ళు హడలిపోయి మిషను దిగి పారిపోయారు. వాళ్ళను మళ్ళీ పోగు చెయ్యడానికి మా ఆశాకు ఆ పూటంతా పట్టింది.

ఆమె మళ్ళీ తూకానికి రావడానికి రెండు నెలలు పట్టింది. అక్టోబరులో, ఎండ కాస్తున్న ఒక సంత రోజున, మొగుడితో కలిసి వచ్చి వరసలో నిలబడింది. ముఖం మార్చి ఫోటోలో లాగా అయిపోయింది, బుగ్గలు లోపలికి. మిషనెక్కింది. ముప్పై ఆరున్నర. ట్యాబ్‌లో అంకె కొట్టగానే పేరు ఎర్రగా మారి, కింద ఒక పెట్టె తెరుచుకుంది. బరువు తగ్గడానికి కారణం ఎంచుకోమంది. తిండి చాలకపోవడం, వలస, పని భారం, అశ్రద్ధ అని నాలుగిచ్చింది. నీరు పోయి మనిషి బతికింది అనేది అందులో లేదు.

ఆమె తెర వైపు చూసింది.

"ఎరుపైపోనాది," అంది. "మందులన్నీ ఏసుకుంటన్నాను సిస్టరమ్మా. ఒక్కటీ మాన్నేదు."

"పరవానేదమ్మీ. ఆ బరువంతా నీరు, అది పోయింది. ఇది నీ అసలు బరువు. బాగున్నావు."

బాగున్నావు అన్న మాట నోరు దాటాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. అదే సంతలో, అదే మిషను పక్కన, అదే గొంతుతో అన్న మాట అది. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"ఈసారి నిజంగానేనా?"

ఒట్టు వేద్దామనుకున్నాను. నా ఒట్టుకు ఆమె దగ్గర విలువేముందని ఆగిపోయాను. సంచిలోంచి స్ట్రిప్పుల డబ్బా తీసి, ఒకటి ఆమె చేతికే ఇచ్చి, గ్లాసు ఇచ్చి పంపించాను. తెచ్చాక ముంచమన్నాను. నేను ముట్టుకోలేదు. "పసుపు పసుపుగానే ఉంటే మంచిది. ఆకుపచ్చలోకి తిరిగితే నా కోసం కూడా ఆగకు, బేగి ఆసుపత్రికి ఎల్లిపో," అన్నాను.

ఎండలోకి పట్టుకుని ఇద్దరూ చూశారు, ఆమె, మొగుడు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. కొంచెం, ఎండకు ఎండిన గడ్డి రంగంత, తిరిగినట్టుంది, అంతే. ఆ మాత్రం ఇంకా కొన్నాళ్ళు ఉంటుందని పెద్దాసుపత్రిలో ముందే చెప్పారు. వాళ్ళకూ అది గుర్తుంది. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"ఆ డబ్బా ఇయ్యి," అంది. "ఇంటి కాడ నేనే సూసుకుంటాను."

ఇచ్చాను. నేను రిటైరయ్యే దాకా ప్రతి నెలా తూకానికి వచ్చింది, పలకరించింది, ఒకసారి పనసపండు కూడా తెచ్చి పెట్టింది. బాగున్నానా అని మాత్రం మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగలేదు.